ప్రజాభిప్రాయం ఎక్కడ పుడుతుంది? చేతులెత్తితేనా, చీటీ రాస్తేనా, పేపర్లో పడితేనా?

కావలి టీచరమ్మ | శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నేను కావలిలో ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెబుతాను. మొన్న క్లాసులో జరిగిన ఒక సంగతి రెండు రోజులుగా బుర్రలో తిరుగుతోంది.

పాఠం ప్రజాభిప్రాయం. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివితే పిల్లలకు ఎక్కదని, వాళ్లకు తెలిసిన విషయమే ఎత్తుకున్నా. మా దగ్గర సగం మంది తీరం ఊళ్ల నుంచి బస్సుల్లో వస్తారు. "మీ ఊళ్లో రొయ్యల గుంటలు ఇంకా పెరగాలా, ఇక చాలా?" అని అడిగి చేతులెత్తమన్నా. చాలు అన్నవాళ్లు నలుగురు. ముందు బెంచీలో ఒక అబ్బాయి ఉన్నాడు, వాళ్ల నాన్నకు పెద్ద గుంటలున్నాయి. చేయి ఎత్తబోయే ముందు పిల్లలు వాడి వైపు ఒకసారి చూడటం నా కళ్లతో నేనే చూశాను. తర్వాత నోటుబుక్కు కాగితం చింపి, పేరు లేకుండా రాసి ఇమ్మన్నా. ఈసారి చాలు అన్నవాళ్లు ఇరవై ముగ్గురు. క్లాసు మొత్తం నలభై ఒక్క మంది. ఒక చీటీ వెనక "మా బోరు ఉప్పగా అయింది మేడమ్" అని కూడా ఉంది.

వెనక బెంచీ అమ్మాయి లేచింది. "మేడమ్, ఈ రెండిట్లో ఏది మా అభిప్రాయం? టీవీలో ప్రజలు ఇది కోరుకుంటున్నారు అంటారు కదా, అది చేతుల లెక్కా, చీటీల లెక్కా?" అంది.

నాకు జవాబు దొరకలేదు. మంగళవారం చెబుతానన్నా. చదువుకున్నవాళ్లు, ఊళ్లలో తిరిగేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా, కాస్త చెప్పండి.

పెన్నా గట్టు | శనివారం రాత్రి 9:22

అమ్మా, మీ విద్యార్థిని పెద్ద ప్రశ్నే వేసింది. జర్మనీలో ఎలిజబెత్ నోయెల్-న్యూమన్ అనే పరిశోధకురాలు 1974లో దీన్నే ఒక సిద్ధాంతంగా చెప్పారు. మనిషి నోరు విప్పే ముందు చుట్టూ గాలి ఎటు వీస్తోందో చూసుకుంటాడు. తనది తక్కువమంది మాట అనిపిస్తే మింగేస్తాడు. అతను మింగేసరికి అవతలి మాట ఇంకా పెద్దగా వినిపిస్తుంది, దాంతో మరొకడు మింగుతాడు. దాన్ని మౌనపు సుడి అన్నారు. మీ క్లాసులో ముందు బెంచీ వైపు చూసిన చూపు అదే.

ఇంకా వెనక్కి వెళ్తే అమెరికాలో వాల్టర్ లిప్‌మన్ అనే జర్నలిస్టు ఉన్నాడు. 1922లో ప్రజాభిప్రాయం మీద పుస్తకమే రాశాడు. దాని మొదట్లోనే ఒక దీవి సంగతి చెబుతాడు. అక్కడ కొంతమంది ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు, జర్మన్లు కలిసి ఉంటున్నారు. తంతి లేదు, అరవై రోజులకొకసారి ఉత్తరాల ఓడ వస్తుంది. 1914 సెప్టెంబరులో ఓడ వచ్చేసరికి తెలిసిందేమంటే, ఆరు వారాలకు పైగా తమ దేశాలు యుద్ధంలో ఉన్నాయి. అన్నాళ్లూ శత్రువులమని తెలియక స్నేహితుల్లాగే మెలిగారు. లోకం ఒకటి, మన తలలో ఉన్న లోకం బొమ్మ ఒకటి, మనం నడుచుకునేది ఆ బొమ్మను బట్టే అంటాడు. ఆ బొమ్మ గీసేది పేపరు. కాబట్టి మామూలు జనం ప్రతి విషయం మీదా తీర్పు చెప్పగలరని అనుకోవడం తప్పు, తెలిసినవాళ్లు నిర్ణయిస్తే మేలు అనే దాకా వెళ్లాడు.

ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేశాక నాకు ఆ మాటలో నిజం కనిపిస్తుంది. బ్యాంకు మునిగిపోతోందని ఒక పుకారు లేస్తే చాలు, చదువుకున్నవాళ్లు కూడా పాస్‌బుక్కులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఏథెన్సులో సోక్రటీసుకు మరణశిక్ష వేసింది రాజు కాదు, 501 మంది పౌరులు కూర్చున్న న్యాయసభ. క్రీస్తుపూర్వం 399లో. ప్లేటో ప్రజాస్వామ్యాన్ని జీవితాంతం అనుమానంగా చూశాడంటే, తన గురువును జనం ఓట్లేసి చంపడం చూశాడు కాబట్టే.

మార్కాపురం పలక | శనివారం రాత్రి 9:51

సార్, తెలిసినవాళ్లు నిర్ణయిస్తే మేలు అనే మాట మా పడమటి మండలాల్లో కూర్చుని చెప్పండి చూద్దాం. కోపంగా అనడం లేదు, బాధతో అంటున్నా.

వెలిగొండ నీళ్ల ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. శ్రీశైలం జలాశయం నుంచి నీళ్లు తేవడానికి కొండ కింద రెండు సొరంగాలు, ఒక్కోటి పద్దెనిమిది కిలోమీటర్లకు పైనే. అప్పటి నుంచి తెలిసినవాళ్లే నిర్ణయిస్తూ వచ్చారు. మా నాయనమ్మ ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి నడుము వంగి, గోడ పట్టుకుని నడిచేది. బకెట్లోకి ఎలా వంగాలో తెలియక చెంబు పక్కన స్టూలు మీద పెట్టించుకునేది. కనిగిరి, దర్శి, పొదిలి వైపు ఇలాంటి ఇళ్లు ఎన్నో. నీళ్లలో ఏముందో నిపుణుడికి తెలుసు. ఆ నీళ్లు తాగితే ఎలా ఉంటుందో మా నాయనమ్మకు తెలుసు. ఆమెను ఎవరడిగారు?

జనం పట్టించుకోరు అనే మాట కూడా ఒప్పుకోను. 2024 ఎన్నికల్లో దర్శిలో పోలింగ్ 90 శాతం దాటింది, రాష్ట్రంలోనే ఎక్కువ. బెంగళూరు, హైదరాబాదుల నుంచి రాత్రంతా బస్సుల్లో నిలబడి వచ్చి ఓటేశారు. కానీ ఓటు ఒక బటన్. ఎవరు కావాలో చెబుతుంది, ఏం కావాలో చెప్పదు. ఫలితం వచ్చిన రాత్రి టీవీలో నలుగురు కూర్చుని మా ఓటుకు అర్థం చెప్పారు. ఒకాయన పథకాలన్నాడు, ఒకాయన కులమన్నాడు. నీళ్ల మాట ఎవరి నోటా రాలేదు.

కలిగిరి ఆడపడుచు | శనివారం రాత్రి 10:35

టీచరమ్మగారూ, మీ ప్రశ్నకు జవాబు మన నెల్లూరు జిల్లాలోనే ఉంది. అది కలిగిరి మండలం దూబగుంట. మాది ఆ పక్క ఊరే.

1991లో అక్షరదీపం అనే అక్షరాస్యత కార్యక్రమం మొదలైనప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రి అన్నాలయ్యాక బడి దగ్గర చేరేవాళ్లు. మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయేది, లాంతరు పట్టుకోవడం నా పని. పుస్తకంలో సారా వల్ల చితికిపోయిన సంసారం గురించి ఒక పాఠం ఉంది. అది చదివిన రాత్రి ఎవరూ పలక ముట్టలేదు. ఒకావిడ "ఇది నా కథే" అంది. ఇంకొకావిడ "నాది కూడా" అంది. మా అమ్మ ఏమీ అనలేదు. ఇంటికొచ్చే దారిలో లాంతరు తను తీసుకుని, నన్ను చంకనెత్తుకుని నడిచింది. తొమ్మిదేళ్ల దాన్ని. అది నాకు ఇప్పటికీ గుర్తు.

అంతకుముందు రోజు మా అమ్మను ఎవరైనా మైకు పెట్టి అడిగితే ఏం చెప్పేది? "మగోళ్లన్నాక తాగరా" అనేది. అబద్ధం కాదు, అప్పటికి ఆమె అనుకున్నది అదే. తన ఇంటి కష్టం తన తలరాత అనుకుంది. పదిమంది ఒకచోట కూర్చుని ఒకరి మాట ఒకరు విన్నాక తలరాత కాస్తా సర్కారు విధానం అయింది. ఎందుకంటే ప్యాకెట్లలో సారా పోసి ఊరూరికీ పంపింది సర్కారే, వారుణి వాహిని అని దానికి పేరు కూడా పెట్టింది.

1992లో ఆడవాళ్లు సారా వేలంపాటలు జరగనివ్వలేదు. వాయిదా మీద వాయిదా. ముందు నిలబడ్డ దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 ఏప్రిల్‌లో ముందు మన జిల్లాలో, ఆ అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో సడలించారు. సడలించేటప్పుడు ఖజానా లెక్కలు పేపర్లలో బాగానే వచ్చాయి. మా ఊరికి వచ్చి అమ్మావాళ్లను అడిగినవాళ్లు మాత్రం లేరు.

కాబట్టి నేను చెప్పేది ఇదీ: చేతులెత్తింది అభిప్రాయం కాదు, చీటీ కూడా ఇంకా పూర్తి అభిప్రాయం కాదు. చీటీ బయటపడ్డాక మాట్లాడుకుంటే పుట్టేదే అభిప్రాయం.

పెన్నా గట్టు | శనివారం రాత్రి 10:58

అమ్మా, చదివి చాలాసేపు ఊరుకున్నాను. మీరు చెప్పింది లిప్‌మన్‌కు జాన్ డ్యూయీ ఇచ్చిన జవాబే. 1927లో రాశాడు. చెప్పు బాగు చేయడం కుట్టేవాడికి తెలుస్తుంది గానీ, ఎక్కడ కరుస్తోందో వేసుకున్నవాడికే తెలుస్తుంది అన్నాడు. పలకగారి నాయనమ్మ సంగతి కూడా అదే. ఓట్ల లెక్క కంటే, ఆ లెక్క దగ్గరికి రాకముందు జనం ఎలా మాట్లాడుకున్నారు, ఎలా ఒప్పించుకున్నారు అన్నదే ముఖ్యం అని ఆయన వాదన. ఇందాక నేను రాసినదాంట్లో సగం వెనక్కి తీసుకుంటున్నా. పుకారు దగ్గర పరిగెత్తే జనం, రాత్రిబడిలో కూర్చున్న జనం ఒకటి కాదు. ఆ తేడా నేను చూడలేదు.

ఒక్క సందేహం. సారా ఉద్యమానికి పేపర్లు అండగా నిలిచాయి కదా. ఈనాడు దానికోసం ప్రత్యేకంగా చోటిచ్చి రోజూ వార్తలు వేసింది. పేపరు లేకుంటే అది దూబగుంట దాటేదా?

కలిగిరి ఆడపడుచు | శనివారం రాత్రి 11:10

ఇదే మాట మా అమ్మను ఒకసారి అడిగా సార్. ఆమె అన్నది ఇది: "పేపర్లో పడకముందే మేం కూర్చున్నాం. పడ్డాక పక్కూరోళ్లు కూర్చున్నారు."

మండల విలేకరి | ఆదివారం ఉదయం 6:15

అమ్మగారి మాటకు దణ్ణం. పద్నాలుగేళ్లుగా కందుకూరు వైపు వార్తలు రాస్తున్నా కాబట్టి లోపలి సంగతి కొంచెం చెబుతా.

మాకు జీతం ఉండదు. అచ్చయినదాన్ని కొలిచి లెక్కగట్టి ఇచ్చే డబ్బు పెట్రోలుకు కూడా చాలదు. కానీ పండగకు, నాయకుల పుట్టినరోజులకు ఇన్ని ప్రకటనలు తేవాలని టార్గెట్ ఉంటుంది. ఎవరి దగ్గర ప్రకటన తెచ్చానో వాళ్ల మీద వార్త ఎలా రాయను? రాసినా డెస్కు దాటదు. ఎన్నికలప్పుడు డబ్బు తీసుకుని వార్తలా అచ్చువేసే జబ్బు గురించి ప్రెస్ కౌన్సిల్ 2010లోనే నివేదిక ఇచ్చింది. జబ్బు పోలేదు.

దానికంటే పెద్దది, పాఠకులకు కనపడనిది ఇంకోటి ఉంది. జిల్లా పేజీలు. దానివల్ల చిన్న ఊరి వార్తకు చోటు దొరికింది, అది మంచిదే. కానీ ఒక జిల్లా వార్త పక్క జిల్లాకు పోదు. 2022 ఏప్రిల్ 4న కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపినప్పుడు నాకు ఇది బాగా తెలిసొచ్చింది. మా ఇంటికి వచ్చే ఎడిషన్ మారిపోయింది. నలభై ఏళ్లుగా ఒంగోలు వార్తలు చదివిన మా నాన్న "పొదిలి వాళ్ల సంగతేంది, పేపర్లో లేదే" అని అడిగాడు. ఊళ్లు కదల్లేదు, రోడ్డు కదల్లేదు. వాళ్ల కష్టం మాకు తెలియకుండా పోయింది. కనిగిరి ఫ్లోరైడ్ గురించి నెల్లూరులో కోపం పుట్టాలంటే ముందు అది నెల్లూరులో చదవాలి కదా. పక్కూరోళ్లు కూర్చోవడం ఇక్కడే ఆగిపోతోంది.

ఫోన్లో అన్నీ తెలుస్తాయి అంటారేమో. వాట్సాప్‌లో నాకు రోజూ దేశం సంగతులు వంద వస్తాయి. మా పక్క మండలం సంగతి ఒక్కటి రాదు.

వాడరేవు గాలి | ఆదివారం ఉదయం 9:30

అందరూ పదిమంది కూర్చోవడం గురించి గొప్పగా చెబుతున్నారు. ఒక మాట అడగాలి. ఆ పదిమందిలో మమ్మల్ని ఎక్కడ కూర్చోబెడతారు?

మాది చీరాల దగ్గర. ఇప్పుడు బాపట్ల జిల్లా, అప్పుడు ప్రకాశం. 1985 జులైలో కారంచేడులో ఏం జరిగిందో కొత్త పిల్లలకు తెలియకపోవచ్చు. తాగే నీళ్ల చెరువు దగ్గర పెత్తందారీ కులం వాళ్లు గేదెను కడుగుతుంటే మా మాదిగపల్లె వాళ్లు ఇదేందని అడిగారు. మరుసటి రోజు, జులై 17న, ఆ కులం వాళ్లు పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాల చేరి అక్కడే శిబిరాల్లో ఉన్నారు, మళ్లీ ఆ ఊరు పోలేదు. సుప్రీంకోర్టు తీర్పు 2008 దాకా పట్టింది.

ఆ రోజు ఊళ్లో అభిప్రాయ సేకరణ చేసుంటే ఏం వచ్చేది? మెజారిటీ మాట మా వైపు ఉండేదా? ఊరంతా ఒకటే మాట మీద ఉంది అని ఎవరైనా అంటే నాకు భయమేస్తుంది. ఆ ఊరంతాలో మేం ఉండం. మా తాతల కాలంలో రచ్చబండ మీద కూర్చోవడం మాట అటుంచి, దాని ముందు నుంచి చెప్పులు చేతబట్టుకుని పోయేవాళ్లు.

అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో చెప్పింది ఇదే. రాబోయే జనవరి 26 నుంచి రాజకీయాల్లో సమానం అవుతాం, బతుకులో సమానం కాము, ఆ వైరుధ్యాన్ని తొందరగా పోగొట్టకపోతే ప్రజాస్వామ్యమే కూలిపోతుంది అని హెచ్చరించాడు. ఓటుకు ఒకటే విలువ. మాటకు మాత్రం ఒకటే విలువ లేదు.

టీచరమ్మగారూ, మీ క్లాసులో చీటీ రాయించడం ఊరికే చేసిన పని అనుకోవద్దు. పేరు లేని చీటీ మాలాంటి వాళ్లకు చాలా పెద్ద సంగతి. కలిగిరి అక్క చీటీ పూర్తి అభిప్రాయం కాదంది. అక్కా, మాట్లాడే ధైర్యం వచ్చేదాకా మాకు అదే దిక్కు.

మార్కాపురం పలక | ఆదివారం ఉదయం 9:48

అన్నా, నాకు ఇరవై ఆరేళ్లు. కారంచేడు పేరు విన్నా గానీ చెరువు సంగతి తెలియదు. అదీ నీళ్ల గొడవే. మా బడిలో ఎవరూ చెప్పలేదు.

కలిగిరి ఆడపడుచు | ఆదివారం ఉదయం 10:20

తమ్ముడూ, నువ్వు చెప్పింది ఒప్పుకుంటున్నా. మా రాత్రిబడిలో కూడా మొదటి వారం పాలెం దళిత ఆడవాళ్లు గుమ్మం దగ్గరే కూర్చున్నారు. నేను నిన్న రాసినప్పుడు అది రాయలేదు, రాయాల్సింది. సారా బండిని ఆపడానికి పొలిమేరలో పడుకున్న రాత్రి మాత్రం ఎవరి చాప ఎవరిదో చూసుకోలేదు. ఆ తర్వాత మళ్లీ ఎంతవరకు పాతదారి పట్టిందో నాకు తెలుసు, అది ఇంకో పెద్ద కథ.

నిర్వాహకులు | ఆదివారం ఉదయం 11:05

చర్చ బాగా సాగుతోంది. ప్రస్తుత పార్టీల పేర్లతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. విషయం మీదే ఉండండి.

ఉలవపాడు మామిడి | ఆదివారం మధ్యాహ్నం 2:40

నేను ఎప్పుడూ చదివి పోయేవాణ్ణి, ఈ చర్చలో రాయాలనిపించింది.

కొన్నేళ్ల కిందట మా దగ్గర ఒక ఫ్యాక్టరీ కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. కంపెనీ పేరు వద్దు. పేరే ప్రజాభిప్రాయ సేకరణ కదా, అసలు అక్కడ ఏం సేకరిస్తారో చూద్దామని పోయా. షామియానా, ముందు వరసలో కుర్చీలకు తెల్ల గుడ్డలు, వాటి మీద మా ఊరివాళ్లు కాని మనుషులు. పొద్దున్నే వేరే ఊళ్ల నుంచి ఆటోల్లో దింపారు. మైకు వాళ్ల చేతుల్లోనే తిరిగింది. "ఉద్యోగాలు వస్తాయి, స్వాగతిస్తున్నాం" అని ఒకరి తర్వాత ఒకరు.

మధ్యాహ్నం దాటాక ఒక పెద్దావిడకు మైకు దొరికింది. పల్లెకారుల ఇంటామె, తలమీద చేపల గంప పెట్టుకుని ఊరూరా అమ్ముకునే మనిషి. రెండే మాటలు మాట్లాడింది. వేడినీళ్లు సముద్రంలోకి వదిలితే చేప దరికి రాదు, మా పడవలు ఇంకెంత దూరం పోవాలి అంది. తర్వాత కూర్చోలేదు. అక్కడే నిలబడి, రాసుకుంటున్న గుమాస్తా వైపు వేలు చూపించి, "నేను చెప్పింది చదువు నాయనా" అంది. ఆయన కాగితం తిప్పాడు. చదవమని మళ్లీ అడిగింది. వెనక నుంచి మేం అందరం అరిచాం. చివరికి చదివాడు. "స్థానికులు ఉపాధి అవకాశాలు కల్పించవలసిందిగా కోరారు." అంతే ఉంది. ఆమెకు చదువు రాదు, కానీ తన మాట తనకు తెలుసు. "అది నా మాట కాదు" అంది. కొట్టేసి మళ్లీ రాసేదాకా మైకు వదల్లేదు.

తర్వాత తెలుసుకున్నా, అది ఆమె హక్కే. 2006 సెప్టెంబరు నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం ముప్పై రోజుల ముందు పేపర్లలో ప్రకటన ఇవ్వాలి. సభ అయ్యాక ఎవరేం చెప్పారో రాసినదాన్ని అక్కడే, వచ్చినవాళ్లకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. ఈ సంగతి మా ఊళ్లో ఒక్కరికీ తెలియదు.

మరుసటి రోజు పేపర్లో "ప్రశాంతంగా ప్రజాభిప్రాయ సేకరణ" అని వచ్చింది. ఆమె మాట లేదు. సర్కారు కాగితంలో మాత్రం ఉంది. ఆ కాగితం నకలు సమాచార హక్కు కింద తెప్పించుకుని లామినేషన్ చేయించి ఆమెకు ఇచ్చాం.

మండల విలేకరి | ఆదివారం సాయంత్రం 5:12

ఉలవపాడు అన్నా, "ప్రశాంతంగా" అనే హెడ్డింగ్ నేను కూడా ఎన్నోసార్లు పెట్టా. గొడవ జరగలేదు కాబట్టి ప్రశాంతం అని రాసేవాణ్ణి. మైకు ఎవరి చేతిలో ఉందో రాయాలని నాకెప్పుడూ తట్టలేదు. ఇకమీద అది చూస్తా.

మార్కాపురం పలక | ఆదివారం సాయంత్రం 6:30

మా ఊళ్లో గ్రామసభ పెడతారని దండోరా వేశారు. మామూలుగా పంచాయతీ ఆఫీసులో పదిమంది సంతకాలు పెట్టి ముగిస్తారు. ఈసారి నీళ్ల సంగతి తీర్మానం పుస్తకంలో ఎక్కించాలంటే ఎట్టా?

ఉలవపాడు మామిడి | ఆదివారం సాయంత్రం 7:04

ముందు కాగితం మీద రాసుకుని పో తమ్ముడూ, రెండు కాపీలు. ఒకటి కార్యదర్శికి ఇచ్చి రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకో. నీళ్ల పరీక్ష రిపోర్టు ఉంటే జత చెయ్. ఆడవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టు, నీళ్లు మోసేది వాళ్లు. సభ ముగిసేలోపు తీర్మానం పైకి చదవమని అడుగు. చదవకుండా సంతకం పెట్టొద్దు.

వాడరేవు గాలి | ఆదివారం సాయంత్రం 7:20

సభ ఎక్కడ పెడుతున్నారో కూడా చూడు తమ్ముడూ. గుడి మండపంలో అయితే పల్లె నుంచి సగం మంది రారు. బడి ఆవరణలో పెట్టమని ముందే అడుగు.

కావలి టీచరమ్మ | మంగళవారం రాత్రి 8:15

మీ అందరికీ చెప్పాలి. ఈరోజు క్లాసులో దీవి సంగతి, దూబగుంట, కారంచేడు, చేపల గంపావిడ అన్నీ చెప్పా. గంట కొట్టినా పిల్లలు లేవలేదు.

తర్వాత వాడరేవు తమ్ముడు చెప్పినట్టు మళ్లీ చీటీలే పెట్టా. ఈసారి అవునా కాదా అని అడగలేదు. గుంటల వల్ల మీ ఇంట్లో ఏం మారింది, ఒక్క వాక్యం రాయండి అన్నా. నేనే అన్నీ బయటికి చదివా, ఎవరిదో చెప్పకుండా. మా అక్క పెళ్లి గుంటల డబ్బుతోనే అయింది. మా వరిచేలో తెల్లగా ఉప్పు తేలుతోంది. రొయ్యలకు వైరస్ వచ్చి మా నాన్నకు అప్పయింది. మా అన్న అక్కడే కరెంటు పనికి కుదిరాడు.

ముందు బెంచీ అబ్బాయి లేచి, "మేడమ్, అప్పయిందని రాసింది నేనే" అన్నాడు. రెండు పంటలు పోయాయంట, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్నారంట. పక్కనున్న పిల్లలు వాడి వైపు తిరిగి కూర్చున్నారు. బోరు ఉప్పగా అయిందని రాసిన అమ్మాయి కూడా లేచింది. ఆ ప్రశ్న వేసిన అమ్మాయే ఆమె. వాళ్లిద్దరివీ పక్కపక్క ఊళ్లు. కొత్త గుంటలు తాగునీటి బోర్లకు ఎంత దూరంలో ఉండాలి అని ఇద్దరూ కలిసి నన్ను అడిగారు. కనుక్కుని గురువారం చెప్పాలి. రూల్సు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి.